గీత దాటితే రూల్స్ ఉండవా?

కోర్టులో కోచ్ నోరు జారితే ఫౌల్. హాస్టల్లో, రైల్లో, ఫోన్లో జారితే? పిల్లల బాస్కెట్‌బాల్‌తో పేరు తెచ్చుకున్న ఛత్తీస్‌గఢ్ జవాబు వెతుక్కోవాల్సిన ప్రశ్న ఇది.

వేసవి సెలవులు వచ్చాయంటే రాయ్‌పూర్‌లో శిక్షణ శిబిరాలకు గిరాకీ. మే నెల ఎండ 44 డిగ్రీలను తాకే ఊరు కాబట్టి తెల్లవారుతూనే బంతి చప్పుడు మొదలవ్వాలి, పొద్దెక్కేలోగా ఆగిపోవాలి. పిల్లల్ని చేర్పించేందుకు వచ్చే తల్లిదండ్రులకు నాలుగు సందేహాలు సహజం. ఫీజు ఎంత? బూట్లు ఎక్కడ దొరుకుతాయి? ఆడితే ఎత్తు పెరుగుతారా? రేపు స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటో, రైల్వే ఉద్యోగమో వస్తుందా? నిజానికి వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. కోచ్‌లు, పిల్లలు, క్లబ్ సభ్యులు ఎలా మసలుకోవాలో చెప్పే నియమావళి ఇక్కడ ఉందా? ఉంటే ఒక కాపీ ఇస్తారా?

ఈ ప్రశ్నకు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నంత ప్రాధాన్యం మరెక్కడా ఉండదు. 2000 నవంబర్‌లో పుట్టిన ఈ చిన్న రాష్ట్రానికి జాతీయ క్రీడారంగంలో మొదట గుర్తింపు తెచ్చినవాటిలో బాలికల బాస్కెట్‌బాల్ ఒకటి. రాయ్‌పూర్‌కు 30 కిలోమీటర్ల దూరంలోని భిలాయ్ ఉక్కు టౌన్‌షిప్, మరో 40 కిలోమీటర్లు పోతే రాజ్‌నందగావ్‌లోని స్పోర్ట్స్ అథారిటీ (సాయ్) కేంద్రం ఈ ఆటకు పెట్టని కోటలు. సీమా సింగ్, అంజు లక్రా, భారతీ నేతమ్ లాంటి అంతర్జాతీయ క్రీడాకారిణులు ఈ గడ్డ మీది నుంచే వచ్చారు. భిలాయ్‌లోనూ, రైల్వే కాలనీల్లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఆట కొత్తేమీ కాదు.

ఈ విజయగాథలో పెద్ద భాగం భిలాయ్ కోచ్ రాజేశ్ పటేల్‌ది. 2018లో కన్నుమూసిన ఆయన శిక్షణలో రాష్ట్ర బాలికల జట్లు జాతీయ పోటీల్లో పతకాల మీద పతకాలు గెలిచాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన అమ్మాయిలకు ఆటతోపాటు ఆసరా కూడా దొరికింది. 6 అడుగుల 11 అంగుళాల పూనమ్ చతుర్వేది కాన్పూర్ నుంచి భిలాయ్ చేరింది ఆ శిక్షణ కోసమే. గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఈ తరహా వ్యవస్థలో కోచ్ అంటే ఆట నేర్పే మాస్టారు మాత్రమే కాదు. తిండి, బస, చదువు, ప్రయాణం, ఉద్యోగానికి సిఫార్సు అన్నీ ఆయన చేతిలోనివే. పన్నెండేళ్ల పిల్లకు ఆయనే తండ్రి, ఆయనే వార్డెన్, ఆయనే సెలెక్టర్. ఒక కోచ్ ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించిన నమ్మకం ఆయన సొంతం. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవారికి పదవి వస్తుందే తప్ప ఆ నమ్మకం వారసత్వంగా రాదు. మనిషి మారినా నిలిచి ఉండేది రాతలో ఉన్న నియమం ఒక్కటే.

ప్రవర్తన గురించి పట్టింపు ఈ ఆటకు పుట్టుకతో వచ్చింది. 1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రాసిన 13 నిబంధనల్లో ఐదోది భుజంతో గెంటడం, పట్టుకోవడం, నెట్టడం, కాలు అడ్డుపెట్టడం, కొట్టడం కుదరవని తేల్చి చెప్పింది. గాయపరచాలన్న ఉద్దేశం కనిపిస్తే ఆ ఆటగాడు మ్యాచ్ మొత్తానికీ బయటే. అతడి స్థానంలో మరొకరిని దింపే వీలు కూడా లేదు. నేటి అంతర్జాతీయ సమాఖ్య (ఫీబా) నిబంధనలు మరింత పకడ్బందీగా ఉన్నాయి. రిఫరీని అగౌరవపరిస్తే టెక్నికల్ ఫౌల్, ప్రత్యర్థికి ఒక ఫ్రీ త్రో. సొంత ప్రవర్తన కారణంగా కోచ్‌పై అలాంటివి రెండు పడితే ఆయన డ్రెసింగ్ రూమ్‌కైనా పోవాలి, భవనం వదిలైనా వెళ్లాలి.

అంటే 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న ఆ దీర్ఘచతురస్రంలో ప్రతి మాటకూ, ప్రతి స్పర్శకూ లెక్క ఉంది. చూడటానికి ఇద్దరో ముగ్గురో రిఫరీలు, రాయడానికి స్కోరర్ ఉన్నారు. కానీ పిల్లల క్రీడాజీవితంలో ఎక్కువ భాగం గడిచేది గీత బయటే. సాధన ముగిశాక ఖాళీ అయిన హాలు, రాత్రి రైలు ప్రయాణం, టోర్నమెంట్ బస, ఫోన్లో వచ్చే మెసేజీలు... అక్కడ ఈల ఊదేవాళ్లు లేరు.

లేకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలకు కొదవలేదు. 2010 నుంచి పదేళ్లలో సాయ్ కేంద్రాల్లో 45 లైంగిక వేధింపుల ఫిర్యాదులు నమోదయ్యాయనీ, వాటిలో 29 కోచ్‌ల మీదేననీ సమాచార హక్కు చట్టం కింద సేకరించిన వివరాలతో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక 2020 జనవరిలో వెల్లడించింది. 2022 ఏప్రిల్‌లో రైల్వేకు ఆడుతున్న కేరళ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి ఒకరు పాట్నాలోని అద్దె ఇంట్లో శవమై కనిపించారు. కోచ్ వేధింపులే కారణమని కుటుంబసభ్యులు ఆరోపించగా పోలీసులు కేసు నమోదు చేశారు. ఇరవై దాటిన, ఉద్యోగమున్న క్రీడాకారిణి విషయంలోనే ఇలాంటి ఆరోపణ వచ్చిందంటే, హాస్టల్లో ఉండే పధ్నాలుగేళ్ల పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది?

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. పశ్చిమాఫ్రికా దేశం మాలీలో బాలికల బాస్కెట్‌బాల్ జట్లలో ఏళ్ల తరబడి లైంగిక దోపిడీ సాగిందని 2021 జూన్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. అండర్-18 బాలికల జాతీయ కోచ్‌పై కేసు నమోదైంది. మాలీకే చెందిన ఫీబా అధ్యక్షుడు విచారణ ముగిసేదాకా పదవికి దూరంగా ఉండాల్సి వచ్చింది. కెనడా న్యాయనిపుణుడు రిచర్డ్ మెక్‌లారెన్ విచారణ అదే ఏడాది సెప్టెంబర్‌లో వేళ్లూనుకున్న వేధింపుల సంస్కృతిని ఎత్తిచూపింది. జట్టులో చోటు ఎవరి చేతిలో ఉందో వారి మీదే ఫిర్యాదు చేయాల్సిరావడం అక్కడి అమ్మాయిల నోరు నొక్కింది. మాలీ అయినా మరో దేశమైనా పిల్లల మౌనానికి మూలం ఇదే.

చట్టాలు లేవా అంటే, బోలెడున్నాయి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై నమ్మకం లేదా అధికారం ఉన్న స్థానంలోని వ్యక్తి చేసే లైంగిక నేరం మరింత తీవ్రమైనది. నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా శిక్షార్హమే. తన కింద పనిచేసే వ్యక్తి గురించి దాచిపెట్టిన సంస్థ బాధ్యుడికి ఏడాది దాకా జైలు పడవచ్చు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో తెచ్చిన చట్టం క్రీడాసంస్థలు, స్టేడియాలు, పోటీ వేదికలను పేరు పెట్టి మరీ చేర్చింది. పిల్లల బాధ్యత చూసేవారు వారిని కొట్టినా, హింసించినా 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 75వ సెక్షన్ ఉంది. రెజ్లర్లు 2023లో జంతర్‌మంతర్ దగ్గర రోడ్డెక్కిన తర్వాత కదలిక పెరిగింది. పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం సురక్షిత క్రీడా విధానం గురించి, నైతిక నియమావళి గురించి, ఫిర్యాదుల పరిష్కారం గురించి మాట్లాడుతుంది.

చిక్కల్లా దూరంతోనే. కొత్త చట్టం దృష్టి ప్రధానంగా జాతీయ సమాఖ్యల మీద. పిల్లవాడు రోజూ వెళ్లేది సమాఖ్య కార్యాలయానికి కాదు, వీధి చివరి క్లబ్‌కు. ఢిల్లీలో అచ్చయిన చట్టానికీ రాయ్‌పూర్‌లోని ఒక సిమెంటు కోర్టుకూ మధ్య ఉండాల్సిన మెట్టు క్లబ్ నియమావళే. చట్టం నేరం జరిగాక పనిచేస్తుంది. నియమావళి నేరందాకా పోకుండా ఆపుతుంది.

అందులో ఏముండాలి? మొదటిది కోచ్ గురించి. ఒక పెద్దమనిషి, ఒక పిల్లవాడు తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. నాసర్ ఉదంతం తర్వాత అమెరికా క్రీడాసంస్థలు పాటిస్తున్న సూత్రం తేలికైనదే: మాట్లాడేది ఇతరులకు కనిపించాలి, అవసరమైతే మధ్యలో కలగజేసుకునే వీలుండాలి. పిల్లలకు పంపే ప్రతి మెసేజీ తల్లిదండ్రులున్న గ్రూపులోనే పంపాలి. షాట్ సరిదిద్దడానికి చెయ్యి పట్టుకోవాల్సివస్తే ఎందుకో ముందు చెప్పాలి. బాలికల జట్టు ఊరు దాటితే వెంట మహిళ ఉండాలి. 2022లో విదేశీ పర్యటనలో ఒక సైక్లింగ్ క్రీడాకారిణి కోచ్‌పై ఫిర్యాదు చేశాక సాయ్ సైతం మహిళలున్న బృందాల వెంట మహిళా కోచ్ తప్పనిసరి అంది. చెంపదెబ్బ, బూతు, ఒంటిమీద వ్యాఖ్య శిక్షణ కిందికి రావు. రాయ్‌పూర్ ఎండలో మరొకటి కూడా చేర్చాలి: మంచినీళ్లు ఆపడం, శిక్షగా ఎండలో పరిగెత్తించడం నిషేధం.

పిల్లలకూ బాధ్యతలుంటాయి. రిఫరీ నిర్ణయం నచ్చకపోతే కెప్టెన్ మర్యాదగా అడగాలి. కొత్తగా వచ్చినవారిచేత సీనియర్లు బట్టలు ఉతికించుకోవడం, ఎత్తునో రంగునో యాసనో ఎగతాళి చేయడం ఇక చాలు. బస్తర్ నుంచి వచ్చిన పిల్లవాడి హిందీని చూసి నవ్వేవారికి ఆ రోజు ఆట బంద్. డ్రెసింగ్ రూమ్‌లో ఫోన్ కెమెరా తెరవకూడదు.

సభ్యులు, తల్లిదండ్రుల వంతు చివరిదైనా చిన్నది కాదు. గ్యాలరీలోంచి రిఫరీని తిట్టే తండ్రిని చూసే కొడుకు తిట్టడం నేర్చుకుంటాడు. కోచ్ ఒకటి చెబుతుంటే గట్టు మీద నుంచి మరొకటి అరిచే తల్లి ఇద్దరినీ అయోమయంలో పడేస్తుంది. అండర్-16 జట్టులో చోటు కోసం పుట్టినతేదీ మార్చిన సర్టిఫికెట్ తెస్తే అది మరో పిల్లవాడి చోటును దొంగిలించడమే. ఆ పిల్లవాడికి పద్ధెనిమిది నిండకముందే మోసం నేర్పడం కూడా. సొంత పిల్లలు పోటీలో ఉన్నప్పుడు క్లబ్ పెద్దలు ఎంపిక కమిటీలో కూర్చోకూడదు. ఎంపిక ప్రమాణాలు ముందే గోడ మీద అంటించాలి.

అభ్యంతరాలూ లేకపోలేదు. ఒకే కోచ్ ఉన్న చిన్న క్లబ్ రెండో మనిషిని ఎక్కడి నుంచి తెస్తుంది? వారానికొకరు చొప్పున తల్లిదండ్రులు వంతులేసుకుని కూర్చుంటే సరిపోతుంది. ఖర్చు ఓ కుర్చీ. గురుశిష్య బంధానికి కాగితాలు, సంతకాలు అవమానం కాదా అంటారు మరికొందరు. నిజాయితీగల కోచ్‌కు అసలు రక్షణ ఆ కాగితమే. తెరిచిన తలుపు, గ్రూపులోని మెసేజీ అబద్ధపు ఆరోపణ వచ్చిన రోజు ఆయన వైపే సాక్ష్యం చెబుతాయి. మూడో అభ్యంతరం మరింత గట్టిది: చిన్న తప్పుకూ పెద్ద తప్పుకూ ఒకే శిక్ష వేస్తే అన్యాయం కాదా? నిజమే. అందుకే మెట్లుండాలి. ఆలస్యంగా వస్తే మందలింపు, రిఫరీని తిడితే ఒక మ్యాచ్ సస్పెన్షన్, కొడితే విచారణ పూర్తయ్యేదాకా దూరం. ఆరోపణ ఎదుర్కొంటున్నవారి మాట కూడా వినాలి. అయితే ఒక గీత మాత్రం స్పష్టం. పిల్లలపై లైంగిక నేరం విషయంలో క్లబ్ పంచాయితీ పెట్టకూడదు. రాజీ కుదర్చకూడదు. అది పోలీసుల పని. క్లబ్ పని వారికి చెప్పడం, ఆ పిల్లకు తోడుగా నిలబడటం.

ఇదంతా చేయడానికి ఢిల్లీ నుంచి ఉత్తర్వు రానవసరం లేదు. రెండు పేజీల కాగితం, చేరే రోజు కోచ్, పిల్లవాడు, తల్లి లేక తండ్రి చేసే మూడు సంతకాలు, హిందీలోనో ఛత్తీస్‌గఢీలోనో పిల్లలకు చదివి వినిపించే పది నిమిషాలు. గోడ మీద రెండు ఫోన్ నెంబర్లు: ఒకటి జట్టు ఎంపికతో సంబంధం లేని క్లబ్ ప్రతినిధిది, రెండోది పిల్లల హెల్ప్‌లైన్ 1098. కోచ్‌లకు, నిర్ణేతలకు వీర్ హనుమాన్ సింగ్ పేరిట పురస్కారం ఇచ్చే రాష్ట్రం, క్లబ్‌లకు మైదానం కేటాయించేటప్పుడు ఈ కాగితం చూపమని అడగగలదు. టోర్నమెంట్ నిర్వాహకులు జట్టు జాబితాతో పాటే దాన్నీ అడగగలరు.

ఛత్తీస్‌గఢ్ ఇప్పటిదాకా గెలిచిన పతకాలు పిల్లలు కోచ్ మాట విన్నందుకు వచ్చాయి. రేపటి పతకాల కోసం వాళ్లకు నేర్పాల్సింది ఇంకొకటుంది: వినకూడని మాట ఏదో గుర్తుపట్టడం, వద్దని చెప్పడం. అలా చెప్పిన తర్వాత కూడా జట్టులో తన చోటు తనకు ఉంటుందన్న భరోసా పిల్లకు కలిగినప్పుడే ఆ నియమావళి పనిచేసినట్టు లెక్క.