బాల్కనీలో మల్లె

ఈ తోటల సంచిక పని మొదలుపెట్టిన రోజుల్లోనే మా బాల్కనీలోని మల్లెను కత్తిరించాను. ఆకంతా దూసి, కొన్నాళ్లు నీళ్లు బాగా తగ్గించాను. చూసిన అమ్మకు జాలేసింది. కానీ మల్లెకు ఆ బెట్ట కావాలి. తర్వాత పశువుల ఎరువు వేసి నీళ్లు పడితే కొత్త చిగురు వస్తుంది, ఆ చిగురు కొసలకే మొగ్గ తొడుగుతుంది. మొన్న సాయంత్రం ఆరు మొగ్గలు లెక్కపెట్టాం. ఆ రాత్రి బాల్కనీ తలుపు తీసే పడుకున్నాం.

తోటలంటే గోదావరి పక్కన కడియం నర్సరీలూ, బెంగళూరు లాల్‌బాగూ గుర్తొస్తాయి. అవి చూసి తీరాల్సినవే. ఈసారి మాత్రం మా మనసంతా హైదరాబాద్ మిద్దెల మీదే ఉంది: పాత పెయింటు డబ్బాలో బచ్చలి, గ్రిల్లుకు పాకిన దొండపాదు, ఎండ వాలాక విచ్చుకునే చంద్రకాంత. చంద్రకాంత అంటే నాకు మరీ ఇష్టం. దాన్ని కొనే పనే లేదు. ఏ గోడ పక్కనో రాలిన నల్లటి గింజలు నాలుగు ఏరుకుంటే చాలు, వీధి మొత్తానికీ సరిపడా పూస్తుంది.

చదివాక, మీ కిటికీ దగ్గర ఏం పూసిందో మాకు రాయండి. గింజలుంటే కవరులో పెట్టి పంపండి.