బిడ్డ ఎక్కడుంటే తీర్పు అక్కడేనా?

భర్త నుంచి విడిపోయి మన దగ్గరకు వచ్చే స్త్రీలలో చాలామంది మొదట అడిగేది భరణం గురించి కాదు. ‘పిల్లల్ని నాకిస్తారా?’ అని అడుగుతారు. చట్టం ఏం చెబుతుందో వారికి చెప్పడం తేలికే. కోర్టులో ఏం జరుగుతుందో చెప్పడమే కష్టం.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 13వ సెక్షను బిడ్డ సంక్షేమమే అన్నింటికన్నా ముఖ్యమంటుంది. అదే చట్టంలోని 6వ సెక్షను మాత్రం సహజ సంరక్షకుడు తండ్రి అనీ, అతని తర్వాతే తల్లి అనీ అంటుంది. అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని ఒక వెసులుబాటు ఇస్తుంది. ముస్లింలలో హనఫీ సంప్రదాయం ప్రకారం మగపిల్లవాడు ఏడేళ్ళ వరకు, ఆడపిల్ల ఈడేరే వరకు తల్లి దగ్గర ఉంటారు. అక్కడా సంరక్షకుడు తండ్రే. రాత్రుళ్ళు మేలుకొని పెంచడం తల్లి వంతు, సంతకం పెట్టడం తండ్రి వంతు. మతం మారినా ఈ లెక్క మారలేదు.

ఈ లెక్కను రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టులో ప్రశ్నించారు. ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాక అని మాత్రమే కాదు, అతను బిడ్డను పట్టించుకోనప్పుడు కూడా అని 1999లో కోర్టు అర్థం చెప్పింది. తల్లిదండ్రులిద్దరికీ సమాన హక్కు ఉండాలని లా కమిషన్ 1989లో ఒకసారి, 2015లో మరోసారి సిఫారసు చేసింది. అయినా చట్టంలో ఆ మాట అలాగే ఉంది.

ఈ సెక్షన్ల మీద మనం చాలా మాట్లాడుకున్నాం. నా అనుభవంలో మాత్రం బిడ్డ ఎక్కడ పెరగాలో ఎక్కువసార్లు నిర్ణయించేది సెక్షను కాదు, వాయిదా. కొట్టి అర్ధరాత్రి బయటికి గెంటేస్తే స్త్రీ కట్టుబట్టలతో పుట్టింటికి చేరుతుంది. బిడ్డ అత్తవారింట్లో ఉండిపోతుంది. పెద్దమనుషుల పంచాయితీలో, ‘కాస్త ఓపిక పట్టమ్మా’ అనే మాటల్లో నెలలు గడుస్తాయి. ఆ తర్వాత కేసు వేస్తే వాయిదాల్లో సంవత్సరాలు పోతాయి. ఈలోగా బిడ్డ ఆ ఇంటికి, ఆ బడికి, నానమ్మ చేతి ముద్దకి అలవాటుపడుతుంది. ఇప్పుడు అక్కడి నుంచి కదిలిస్తే బిడ్డకు మంచిది కాదని కోర్టు అంటుంది. బిడ్డ వైపు నుంచి చూస్తే అది అబద్ధమూ కాదు. కానీ బిడ్డను లాక్కున్నవాడికే ఆలస్యం లాభంగా మారితే దాన్ని న్యాయమని ఎలా అంటాం?

అందుకే మన పని మొదటి వారంలోనే మొదలు కావాలి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 12వ సెక్షను కింద మధ్యంతర కస్టడీ అడగవచ్చు. బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టులోనే కేసు వేయాలని మరవవద్దు. హింస ఉన్నచోట 2005 గృహహింస చట్టం 21వ సెక్షను కింద మేజిస్ట్రేటు తాత్కాలిక కస్టడీ ఇవ్వవచ్చు. బిడ్డకు హాని ఉందనుకుంటే అవతలివారు వచ్చి చూడడాన్ని కూడా నిరాకరించవచ్చు. పసిబిడ్డను బలవంతంగా ఎత్తుకుపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ దారి ఉంది. లాయరు ఫీజుకు భయపడనక్కరలేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది.

తండ్రి జీతం కాగితం చూపిస్తాడు, ఇంటి పత్రాలు చూపిస్తాడు. తల్లి చాకిరీకి రసీదు ఉండదు. టీకాల కార్డు, అంగన్‌వాడీ రిజిస్టరు, బడిలో ఎవరు సంతకం పెట్టారన్న వివరం, ఇరుగుపొరుగు సాక్ష్యం, ఇవే ఆమె రసీదులు. వాటిని పోగుచేయడంలో మనం తోడుండాలి. ఆమెకు సంపాదన లేదనడం బిడ్డను దూరం చేయడానికి కారణం కారాదు. పోషణ ఖర్చు తండ్రి నుంచి రాబట్టే హక్కు బిడ్డకు ఉంది.

ఒక మాట మనలో మనం కూడా అనుకోవాలి. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తీ కాదు, ఆటబొమ్మలూ కాదని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. భరణం బేరంలో బిడ్డను అడ్డం పెట్టుకోవడం, తండ్రి మీద చెడ్డమాటలు నేర్పించి జడ్జి ముందు పలికించడం మన పద్ధతి కాకూడదు. ఆలోచన తెలిసిన పిల్లల ఇష్టాన్ని కోర్టు పరిశీలించవచ్చని 1890 చట్టమే అంటుంది. ఆ ఇష్టం పిల్లలదై ఉండాలి. హింస లేని చోట తండ్రి ప్రేమ కూడా బిడ్డకు రావలసిందే.

ఫ్యామిలీ కోర్టులు కావాలని స్త్రీల సంఘాలు గట్టిగా అడిగాయి కనుకే 1984 చట్టం వచ్చింది. నిపుణుల, సాంఘిక సేవకుల సాయం తీసుకోవచ్చని, వీలైతే స్త్రీలనే తీసుకోవాలని అందులో 12వ సెక్షను ఉంది. మీ జిల్లా కోర్టులో ఆ సెక్షనును ఎన్నిసార్లు వాడారో అడగండి. మధ్యంతర దరఖాస్తు ఎన్ని నెలలకు తేలుతోందో లెక్క రాసి పెట్టండి. ఆ లెక్క చేతిలో ఉంటేనే కస్టడీ దరఖాస్తులకు గడువు పెట్టమని గట్టిగా అడగగలం. పిల్లల వయసు వాయిదాల కోసం ఆగదు.