తీగ చివర జ్ఞాపకం

2023 అక్టోబరు 21. శ్రీహరికోటలో గగన్‌యాన్ పరీక్ష రాకెట్ సిద్ధంగా ఉంది. ఇంకో 5 సెకన్లలో ఎగరాలి. అంతలో కంప్యూటరు ఆపేసింది! శాస్త్రవేత్తలు లోపం ఎక్కడుందో చూసి సరిచేశారు. అదేరోజు ఉదయం 10 గంటలకు రాకెట్ దూసుకెళ్లింది. అంత పెద్ద యంత్రమైనా సరైన క్షణంలో సరైన సంకేతం అందితేనే కదులుతుంది.

మన తలలోని యంత్రమూ అంతే. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషి ప్రాణాలతో ఇంటికొస్తాడు. నడుస్తాడు, మాట్లాడతాడు. పొద్దున టిఫిను తిన్నాడో లేదో మాత్రం చెప్పలేడు. 'ఇక ఇంతేనా డాక్టరుగారూ?' అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలో ఎలుకల సాయం చాలా ఉంది.

కొత్త సంగతుల్ని గుర్తుంచుకోవడానికి తోడ్పడే మెదడు భాగం హిప్పోకాంపస్. దాన్ని ఆనుకునే సబిక్యులమ్ ఉంటుంది. ఈ సబిక్యులమ్ దెబ్బతింటే పక్కనున్న హిప్పోకాంపస్ కణాలూ చనిపోతాయనీ, ఎలుకల్లో నేర్చుకునే శక్తి తగ్గుతుందనీ బెంగళూరులోని నిమ్హాన్స్ శాస్త్రవేత్తలు 1997లో తెలిపారు. మరి బతికున్న కణాల సంగతి? అలా దెబ్బతిన్న ఎలుకల్ని బోసి పంజరంలో కాకుండా, ఆటవస్తువులూ తోటి ఎలుకలూ ఉన్నచోట కొన్నాళ్లుంచితే, ఆ కణాలు కొత్తగా కొమ్మలు వేశాయని 2007లో అదే సంస్థ పరిశోధకులు చూపించారు.

ఆ మరుసటేడు ఇంకో విశేషం. ఈసారి దెబ్బ కాదు, రోజుల తరబడి ఒత్తిడి పెట్టడంతో ఎలుకల జ్ఞాపకశక్తి తగ్గింది. వాటి మెదడులో ఆనందాన్నిచ్చే చోట సన్నని తీగ అమర్చారు. మీట నొక్కితే చిన్నపాటి కరెంటు అందుతుంది. నొక్కేది ఎలుకే! అలా కొన్నిరోజులు గడిచాక కుంచించుకుపోయిన కణాల కొమ్మలు తిరిగి పెరిగాయి, దారి గుర్తుపెట్టుకునే శక్తీ తేరుకుంది.

తలకు దెబ్బ తగిలిన ఎలుకలకే నేరుగా ఇలాంటి చికిత్స చేసింది కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు. హిప్పోకాంపస్‌కు లయ అందించే చోట సెకనుకు సుమారు 8 సార్లు కరెంటు తాకిస్తే, ఎలుకలు దారిని మెరుగ్గా గుర్తుంచుకున్నాయని 2013లో వెల్లడించారు. ఎలుక చురుగ్గా తిరిగేటప్పుడు హిప్పోకాంపస్‌లో సహజంగా వినిపించే లయ కూడా దాదాపు అదే.

మనుషుల మాటేమిటి? మూర్ఛ చికిత్స కోసం అప్పటికే మెదడులో తీగలున్న, తలకు దెబ్బ తగిలిన 8 మందిపై అమెరికాలో ప్రయోగం జరిగింది. మనిషి మరిచిపోబోతున్నాడని కంప్యూటరు పసిగట్టిన క్షణంలోనే కరెంటు ఇచ్చారు. పదాలు గుర్తుచేసుకోవడం సగటున 19 శాతం మెరుగైందని 2023లో ప్రకటించారు.

అలాగని రేపే ఆసుపత్రికి పరుగెత్తకండి. ఎలుకలో జరిగిందల్లా మనిషిలో జరగాలని లేదు. 8 మందిలో ఫలించింది అందరికీ మందు కాదు. 'తలకు పెట్టుకుంటే మతిమరుపు మాయం' అంటూ అమ్మే పరికరాల్ని డాక్టరు చెప్పకుండా కొనొద్దు.

అయితే ఆ పంజరం కథను మాత్రం మరిచిపోవద్దు. దెబ్బ తగిలిన మనిషిని విశ్రాంతి పేరుతో నెలల తరబడి గోడవైపు తిప్పి పడుకోబెట్టకండి. డాక్టరు సరేనన్నాక పలకరించండి, నాలుగడుగులు నడిపించండి, పాత ఫొటోలు చూపించండి, కూరగాయల లెక్క అప్పజెప్పండి. తీగ చికిత్స మనదాకా రావడానికి ఇంకా టైముంది. ఈ పనులు ఈరోజే మొదలుపెట్టొచ్చు.