బిడ్డ పోతే ఫోనూ మూగబోవాలా?

నెల తప్పిన సంగతి తెలిసింది మొదలు ఆమె సర్కారు లెక్కలో మనిషి. ఏఎన్‌ఎం పేరు రాసుకుంటుంది. ఆశా కార్యకర్త తలుపు తడుతుంది. తల్లీబిడ్డల కార్డు చేతికొస్తుంది. ప్రతి నెలా 9న ప్రత్యేక పరీక్షలకు రమ్మని కబురొస్తుంది. అయిదో నెలలో ఓ రాత్రి కడుపు పోతుంది. తెల్లారేసరికి ఆమె ఎవరికీ పట్టదు.

కేంద్రం నడిపే కిల్కారి పథకాన్నే చూడండి. చాలా రాష్ట్రాల్లో నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా గర్భిణుల ఫోన్లకు వారానికొకటి చొప్పున 72 సందేశాలు వినిపిస్తుంది. మంచి పథకమే. గర్భం పోయిన సంగతి సర్కారు పోర్టల్‌లోకి ఎక్కితే ఆ ఫోన్లు ఆగుతాయి. ఎక్కకపోతే, లేని బిడ్డ గురించి మోగుతూనే ఉంటాయి. ప్రైవేటు యాప్‌ల సంగతి సరేసరి, ఈ వారం మీ పాపాయి నిమ్మకాయంత అయిందని చెప్పడం మానవు. నిశ్శబ్దమో, పుండు మీద కారమో! మూడోది లేదా?

ఉండి తీరాలి. గర్భం పోయిన స్త్రీకి శిక్షణ పొందిన నర్సు తనంతట తానే ఫోన్ చేసే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రావాలి.

ఆమె అడగాలనుకునేవి ఇంట్లో అడగలేనివి. రక్తం ఎన్నాళ్లు పోతుంది, ఎంత పోతే భయపడాలి? నెలలు గడిచాక బిడ్డ పోతే రెండు మూడు రోజులకు రొమ్ముల్లో పాలు పడతాయి. తాగే నోరుండదు. సలుపుతుంటే ఏం చేయాలో చెప్పేవారూ ఉండరు. నెగటివ్ గ్రూపు రక్తమైతే 72 గంటల్లోగా యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అన్నది ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని అడగాలి. వీటన్నిటికీ మించి, బొప్పాయి తిన్నావా, బిందె ఎత్తావా అని నిలదీసే ఇరుగుపొరుగు మధ్య ‘ఇది నీ తప్పు కాదమ్మా’ అనే గొంతు ఒకటి వినిపించాలి. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోముల తేడాలే కారణమని వైద్యులు ఎప్పుడో తేల్చారు. ఆ మాట అత్తగారి చెవిన పడినా మేలే.

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. దూరం నుంచే డాక్టరు సలహా అందించే ఈ-సంజీవని ఉంది, దాని వాడకంలో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలోనే ఉంది. మనోవేదనకు టెలి-మానస్ 14416 ఉంది. లేనిదల్లా వీటిని ఆమెతో కలిపే తీగ. బాధలో ఉన్న మనిషే నంబరు వెతుక్కుని ఫోన్ చేయాలనడం సేవ కాదు. ఆసుపత్రిలో కాన్పయినవారి ఇంటికి ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్లాలన్న నియమం నవజాత శిశువు కోసం పెట్టింది. ఒడి ఖాళీ అయిన తల్లికీ అదే వరసలో ఫోన్ చేయవచ్చు. వీలైనంత వరకు ఒకే నర్సు చేయాలి. మళ్లీ నెల తప్పినప్పుడు, పిల్ల కడుపులో కదలకపోతే గుండె ఆగినంత పనయ్యే ఆ రోజుల్లోనూ, బాలింతగా నిద్రకు మొహం వాచినప్పుడూ ఆ గొంతే పలకాలి.

ఫోన్‌తో అన్నీ అయిపోవు. రక్తస్రావం ఆగకపోయినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి చేర్చే బండి కదలాల్సిందే. పైగా ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నదీ ప్రశ్నే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సొంతంగా ఫోన్ వాడే మహిళలు దేశంలో సుమారు 54 శాతమే. భర్త ఫోన్ ఎత్తితే ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో నర్సుకు నేర్పాలి. ఫోన్ లేని ఇంటికి ఆశా వెళ్లాలి, ఆ పనికి ఆమెకు డబ్బివ్వాలి.

గర్భస్రావమైన ఉద్యోగినికి ఆరు వారాలు జీతంతో సెలవివ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికే తట్టింది. పొలంలో కలుపు తీసే కూలీకి ఆ సెలవూ లేదు, మూడో రోజే పనిలోకి వంగుతుంది. ఆమెకైనా ఒక ఫోన్ రావాలి. ఏఎన్‌ఎం రికార్డులో గర్భస్రావం అని రాసే గడి పక్కనే మరో గడి గీయండి: తర్వాతి ఫోన్ ఏ తేదీన, చేసేది ఎవరు.