గదిలో ఓ కార్ఖానా!

అది 1987. అమెరికా పార్లమెంటు భవనం ముందు కొందరు సభ్యులు సమ్మెటలు పట్టుకుని ఓ రేడియోను తుక్కుతుక్కుగా కొట్టారు. పాపం, ఆ రేడియో చేసిన నేరమల్లా దానిమీద తొషిబా అన్న పేరుండటమే! ఆ గ్రూపులోని తొషిబా మెషీన్ కంపెనీ నిబంధనలను తోసిరాజని సోవియట్ యూనియన్‌కు తొమ్మిది అక్షాల మిల్లింగ్ యంత్రాలను అమ్మింది. వాటిని నడిపే కంట్రోలర్లను నార్వేలోని కాంగ్స్‌బెర్గ్ సంస్థ సమకూర్చింది. చప్పుడు చేయని జలాంతర్గాముల ప్రొపెల్లర్లను చెక్కడానికి అవి పనికొస్తాయన్నదే అమెరికా కోపం. గొడవ ముదిరి తొషిబా ఛైర్మన్, ప్రెసిడెంటూ ఇద్దరూ రాజీనామా చేయాల్సివచ్చింది.

ఐదూ అంతకన్నా ఎక్కువ అక్షాలను ఒకేసారి కదిపే, బాగా కచ్చితంగా పనిచేసే యంత్రాల ఎగుమతి మీద ఇప్పటికీ ఆంక్షలున్నాయి. అలాంటి యంత్రానికి బుల్లి తమ్ముణ్ని ఇంట్లో బల్లమీద తయారుచేసుకోవడం ఇప్పుడు చాలామందికి సరదా! సరదాయే కానీ, అంత తేలికేం కాదు.

అక్షం అంటే...

ఏటికొప్పాక బొమ్మల తయారీ చూశారుగా... తరిమెన మీద అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటుంది. కళాకారుడు ఉలిని ఆనిస్తాడు. మిల్లింగ్‌లో ఇది తలకిందులు. వస్తువు బిగించి ఉంటుంది, తిరిగేది కట్టరు. అది కుడిఎడమలకు కదిలితే ఎక్స్ అక్షం, ముందుకూ వెనక్కూ కదిలితే వై, పైకీ కిందికీ అయితే జడ్. ఈ మూడింటితో నేమ్‌ప్లేట్లు, అచ్చులు, చిన్నచిన్న విడిభాగాలు చేసుకోవచ్చు. వస్తువునే అప్పడాల కర్రలా తిప్పగలిగితే అది నాలుగో అక్షం. తిప్పుతూనే పక్కకు వంచగలిగితే ఐదోది. గేరు పళ్లు చెక్కడానికి నాలుగోది బాగా పనికొస్తుంది, మెలితిరిగిన ప్రొపెల్లరు రెక్కలకైతే ఐదోదీ ఉంటే మేలు.

మనిషి చేత్తో కాకుండా అంకెలతో యంత్రాన్ని నడపాలన్న ఆలోచనకు మూలం హెలికాప్టర్ రెక్కలు. వాటి వంపులు కచ్చితంగా రావడానికి అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన ఈ దారి వెతికాడు. దాని ఆధారంగా ఎంఐటీ ఇంజినీర్లు 1952లో మూడు అక్షాల యంత్రాన్ని నడిపి చూపించారు. చిల్లులు పొడిచిన కాగితపు టేపే దానికి ఆదేశాలిచ్చేది!

మెదడు ఉచితం

ఒకప్పుడు దేశాల మధ్య తగవు పెట్టిన కంట్రోలరు ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ అందరికీ ఇచ్చేసిన ప్రోగ్రామును ఔత్సాహికులు పెంచి పెద్దచేశారు. అదే లినక్స్‌సీఎన్‌సీ. తొమ్మిది అక్షాలనైనా నడపగలదు. ఇక, చిన్న ఆర్డుయినో బోర్డుతో పని కానిచ్చే జీఆర్‌బీఎల్‌ను 2009లో రాసి ఉచితంగా పంచినవాడు సిమెన్ స్వాలె స్కొగ్స్‌రుద్. ఆయనదీ నార్వేనే! మామూలు జీఆర్‌బీఎల్ మూడు అక్షాల వరకే పనికొస్తుంది. మొదలుపెట్టేవారికి అది చాలు.

వీటికి అర్థమయ్యే భాష జీ కోడ్. 'జీ1 ఎక్స్50 ఎఫ్300' అంటే... నిమిషానికి 300 మిల్లీమీటర్ల వేగంతో ఎక్స్ అక్షం మీద 50 మిల్లీమీటర్ల గుర్తు దగ్గరికి తిన్నగా వెళ్లమని. ఫ్రీక్యాడ్‌లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీస్తే ఈ వరసలన్నీ అదే రాసిపెడుతుంది.

అసలు పరీక్ష

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఒంటితోనే! ఇలాంటి యంత్రాల్లో ఎక్కువగా వాడే స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 అంగల్లో పూర్తిచేస్తుంది. చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిగే స్క్రూకు దాన్ని కలిపితే ఒక్కో అంగకు జరిగేది 0.025 మిల్లీమీటరే. తల వెంట్రుక మందంలో సుమారు మూడోవంతు! కానీ ఇది కాగితం మీది లెక్క. హార్డ్‌వేర్ షాపులో దొరికే మరకడ్డీ వాడితే నట్టులో వదులుంటుంది. దిశ మారినప్పుడల్లా ఆ వదులు కొలతలో తేడాగా బయటపడుతుంది. అందుకే బాల్‌స్క్రూలు వాడతారు. ప్లైవుడ్ ఫ్రేమయితే అల్యూమినియం కోసేటప్పుడు వంగుతుంది, వణుకుతుంది. మందపాటి అల్యూమినియం పలకలో, ఎపాక్సీలో గ్రానైట్ రాళ్లపొడి కలిపి పోసిన దిమ్మో అయితే నిలబడుతుంది. పైగా బలం చాలక మోటారు ఒక అంగ తప్పినా, కొలిచి చెప్పే ఏర్పాటు లేకపోతే కంప్యూటరుకు తెలియదు. అంతా సరిగానే ఉందనుకుని కోసుకుంటూ పోతుంది.

మూలలు సరిచూడ్డానికి తాపీమేస్త్రీ లెక్కే దిక్కు. ఒకవైపు 300, రెండోవైపు 400 మిల్లీమీటర్లు గుర్తుపెడితే ఆ రెండు గుర్తుల మధ్య దూరం 500 రావాలి. ఆపైన డయల్ గేజ్‌తో మిల్లీమీటరులో వందోవంతు వరకూ సరిచేసుకోవాలి.

అక్షాలు పెరిగేకొద్దీ తప్పులూ పెరుగుతాయి. నాలుగో అక్షం పదోవంతు డిగ్రీ తప్పు తిరిగితే, కేంద్రానికి 100 మిల్లీమీటర్ల దూరంలో వచ్చే తేడా 0.17 మిల్లీమీటర్లు. గేరు పాడవడానికి అది చాలు. కాబట్టి మొదట మూడు అక్షాలతో ఆపాలి. కొన్ని నెలలపాటు కోసి, కొలిచి, దాని గుణం తెలుసుకోవాలి. ఆ తర్వాత నాలుగో అక్షానికి కావలసిన బ్రాకెట్లు, పలకల్ని దానిమీదే చెక్కుకోవచ్చు. తన చేతిని తానే చేసుకునే యంత్రమన్నమాట!

బేరింగులూ బోల్టులకు సికింద్రాబాద్ రాణీగంజ్, లేతు పనికి విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉన్నాయి. పద్ధతిగా నేర్చుకోవాలంటే బాలానగర్‌లో 1968 నుంచీ ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ శిక్షణనిస్తోంది. నమూనాలు తయారుచేసేవారి కోసం హైదరాబాద్‌లో 2023లో టీవర్క్స్ ప్రారంభమైంది.

వేళ్లు జాగ్రత్త!

చిన్న స్పిండిళ్లు నిమిషానికి 24 వేల చుట్లు తిరుగుతాయి. చేతి తొడుగులు రక్షణ అనుకుంటారు కానీ, ఇక్కడ అవే ప్రమాదం. తిరిగే కట్టరుకు చిక్కితే చేతినీ లాక్కుపోతాయి. చున్నీ, జారిన జడ, వదులు చొక్కా చేతులూ అంతే. కళ్లద్దాలు తప్పనిసరి. ఎండీఎఫ్ చెక్క కోస్తే వచ్చే పొడి ఊపిరితిత్తులకు చేటు, మాస్కు పెట్టుకోవాలి. అల్యూమినియం రజను కంట్రోల్ పెట్టెలో పడితే షార్ట్ సర్క్యూట్! స్పిండిల్ వేగాన్ని మార్చే పెట్టెలో స్విచ్ ఆపేశాక కూడా కాసేపు కరెంటు నిల్వ ఉంటుంది, వెంటనే మూత తీయకూడదు. ఎర్తింగ్ సరిచూడాలి. ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ చేతికందేలా ఉండాలి. యంత్రం నడుస్తుండగా వదిలి వెళ్లకూడదు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

ఇంత కష్టం ఎందుకు, కొనుక్కుంటే పోలా? గేరు మాత్రమే కావాలంటే అదే మేలు. కానీ వచ్చిన తేడా స్క్రూదా, ఫ్రేముదా, మోటారుదా అని వెతికి పట్టుకోవడం కొంటే రాదు. సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా ఇస్తారు... గురి మాత్రం కోసి, కొలిచి, మళ్లీ కోసి ఎవరికి వారే సంపాదించుకోవాలి!