వీడియో చూపించి బాయిలోకి దింపుతామా?

గోదావరిఖనిలో కొత్తగా గని పనిలో చేరిన మనిషిని ఎవరూ నేరుగా బాయిలోకి పంపరు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం అతడు ముందు వృత్తి శిక్షణ కేంద్రం (వీటీసీ) గడప తొక్కాలి. అక్కడ తరగతిలో విన్నది ఒక ఎత్తయితే, శిక్షకుడి కళ్లెదుట చేసి చూపించాల్సింది మరో ఎత్తు. దాంతోనూ అయిపోదు. కొన్నేళ్లకోసారి మళ్లీ రిఫ్రెషర్ ఉంటుంది, ఆ రోజులూ డ్యూటీ కిందికే వస్తాయి. కప్పును తట్టి, చప్పుడును బట్టి రాయి గట్టిగా ఉందో వదులైందో చెప్పడం సెల్‌ఫోన్ చూస్తే వచ్చే విద్య కాదని కోల్‌బెల్ట్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. అవే కాలనీల్లో మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు తొలి చదువు చెప్పే అంగన్‌వాడీ టీచర్ విషయానికి వచ్చేసరికి మాత్రం, లింకు పంపితే శిక్షణ పూర్తయినట్టే అనుకునే ధోరణి పెరుగుతోంది. నా అభ్యంతరం ఆన్‌లైన్ మీద కాదు, అక్కడితో ఆగిపోవడం మీద.

ఆన్‌లైన్ శిక్షణ అవసరాన్ని ఎవరూ కాదనలేరు. తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. మంథని వైపు పల్లెలో ఒక్క టీచర్‌తో నడిచే కేంద్రం నుంచి ఆమెను వారం రోజులు పెద్దపల్లికి పిలిపిస్తే ఇక్కడ చదువు ఆగుతుంది, అన్నం సంగతీ అనుమానమే. అందుకే 2020 జాతీయ విద్యా విధానం ఇంటర్, ఆపైన చదివిన టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా సూచించి, వాటిని డీటీహెచ్ చానెళ్లు, స్మార్ట్‌ఫోన్ల ద్వారా నడపవచ్చంది. బాగుంది. అయితే ఆ వెంటనే ఇంకో మాట కూడా అంది: నెలకు కనీసం ఒక్కసారైనా ముఖాముఖి తరగతి పెట్టాలని. డిజిటల్ శిక్షణ గురించి మాట్లాడేవాళ్లకు మొదటి మాట గుర్తున్నంతగా ఈ రెండోది గుర్తుండదు. నా దృష్టిలో అసలు శిక్షణ ఆ రెండో మాటలోనే ఉంది.

ఎందుకంటే పసిపిల్లలకు చదువు చెప్పడం సమాచారం కాదు, చేతి నేర్పు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోయే ఇరుకింట్లో పిల్లలకు ‘చప్పుడు చేయకు’ అన్న మాటే ఎక్కువగా వినబడుతుంది. అలాంటి పిల్లవాడితో మాట్లాడించడం ఎలా? కాంట్రాక్టు పనులకు ఉత్తరాది నుంచి వచ్చినవారి బిడ్డ హిందీ తప్ప మరో మాట రాకుండా వచ్చి కూర్చుంటే కథ ఎక్కడ మొదలుపెట్టాలి? ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో తీసిన వీడియో ఈ ప్రశ్నలు వేయలేదు, జవాబూ చెప్పలేదు. దక్షిణాఫ్రికాలో ప్రాథమిక తరగతుల టీచర్లలో కొందరికి తరగతికి వచ్చి చూసే శిక్షకులను, మరికొందరికి ట్యాబ్‌ల ద్వారా దూరం నుంచి సలహాలిచ్చేవారిని ఇచ్చి పోల్చి చూశారు. పిల్లల చదువులో వచ్చి చూసినవారి ఫలితమే మెరుగ్గా తేలింది. అలాగని దూరం నుంచి ఏదీ సాధ్యం కాదనీ కాదు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం రూపొందించిన ఒక పద్ధతిలో ప్రీస్కూల్ టీచర్ తన తరగతిని తానే వీడియో తీసి పంపితే, శిక్షకులు అది చూసి ఆమెతో మాట్లాడతారు. అదీ ఆన్‌లైనే. కాకపోతే అక్కడ వీడియో టీచర్ నుంచి పైకి వెళుతుంది. మనకు పైనుంచి కిందికి మాత్రమే వస్తుంది.

తీరిక ఉంటే వాళ్లే నేర్చుకుంటారు కదా అనేవారున్నారు. ఆ తీరికే లేదు. బరువులు, ఎత్తులు, బాలామృతం, ఇంటింటి సర్వేలు, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్, దానికి తోడు ముఖ గుర్తింపు. శిక్షణ వీడియో రావలసిన ఫోన్‌లోనే ఈ చాకిరీ అంతా ఉంది. తమిళనాడులో 320 కేంద్రాల్లో జరిగిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. కొన్ని కేంద్రాల్లో చదువు కోసమే ఒక పూట పనిచేసే మనిషిని అదనంగా ఇచ్చారు. బోధన సమయం రెట్టింపైంది, పిల్లల భాష, లెక్కలు మెరుగుపడ్డాయి, పోషణ లోపం కూడా తగ్గింది. టైమ్ ఇవ్వకుండా ఎన్ని కోర్సులు పెట్టినా రాత్రిపూట వంటింట్లో ఫోన్ ఆన్ చేసి పక్కన పెట్టడమే మిగులుతుంది. సర్టిఫికెట్ వస్తుంది, అంతే. అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది. ఉద్యోగులకు దక్కే ఆ హక్కు ఉన్నప్పుడు శిక్షణ గంటలు డ్యూటీ కింద ఎందుకు లెక్కకు రావు?

బాయితో పోలిక అతి అనిపించవచ్చు. అక్కడ పొరపాటైతే ప్రాణం పోతుంది, ఇక్కడ పోదు కదా అని. నిజమే. కానీ మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని అదే విద్యా విధానం రాసుకుంది. బాయిలో తప్పు ఆ షిఫ్ట్‌లోనే బయటపడుతుంది. ఈ తప్పు బయటపడేది మూడో తరగతిలో, అప్పటికి ఎవరిదో తేల్చలేం. ఇక ఖర్చు సంగతి. నెలనెలా తరగతులంటే కొత్త భవనాలు, కొత్త నియామకాలు అక్కర్లేదు. ఒక్కో సూపర్‌వైజర్ కింద పాతిక దాకా కేంద్రాలు, వాటికి సెక్టార్ మీటింగ్ ఉన్నవే. అయితే సూపర్‌వైజర్‌కు ముందుగా నేర్పాలి. లెక్కలు అడగడం వేరు, పిల్లలతో మాట్లాడే తీరును గమనించి చెప్పడం వేరు. దానికి కొంత ఖర్చవుతుంది, పెట్టాల్సిందే. ఈలోగా యైటింక్లయిన్ కాలనీ అయినా, మంథని అయినా, వచ్చే సెక్టార్ మీటింగ్‌లో రేషన్ లెక్కలకు ముందే ఒక గంట పక్కన పెట్టి, ఎవరో ఒక టీచర్ కథ చెబుతుండగా తీసిన రెండు నిమిషాల వీడియో వేసి, పిల్లలు ఎక్కడ నవ్వారో, ఎక్కడ దిక్కులు చూశారో మిగతావాళ్లను అడగవచ్చు. ఫోన్ చేతిలోనే ఉంది, గదీ ఉంది, జీవోతో పనిలేదు.