నానోకి సున్నా మార్కులు వేసిందెవరు?

మా నాన్న కారుకి ఈ మధ్యనే పదిహేనేళ్ళు నిండాయి. మనుషులకైతే పదోతరగతి వయసు, కార్లకి మాత్రం షష్టిపూర్తి కింద లెక్క. రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలి, బండి ఇంకా గట్టిగానే ఉందని చూపించాలి, గ్రీన్ టాక్సు కట్టాలి. ఆరొందలుండే రెన్యువల్ ఫీజుని 2022 ఏప్రిల్ నుంచి ఐదు వేలు చేశారు. ఇంతకీ ఆ కారేంటో చెప్తే మీకు నవ్వొస్తుంది. టాటా నానో. అదీ పసుప్పచ్చది.

నవ్వారు కదూ? ఇవాళ నేను రాద్దామనుకున్నది ఆ నవ్వు గురించే.

కారు ఉంచాలా తీసేయాలా అని మా ఇంట్లో ఓటింగు పెట్టాం. మా ఆవిడ "అమ్మేయండి" పార్టీ. మా బావగారు "తుక్కు కింద ఇచ్చేయ్" పార్టీ. నాన్న ఏ పార్టీలోనూ చేరకుండా పాత బనీను గుడ్డ పట్టుకుని కారు అద్దం తుడవడానికి కిందకి వెళ్ళిపోయారు. నేనేమో సాఫ్టువేరోణ్ణి. ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ఓ ఎక్సెల్ షీటు తెరవకపోతే అన్నం సహించదు. ఎడమ పక్క మంచి, కుడి పక్క చెడు.. రాసుకుంటూ పోయాను.

మర్చిపోయినవాళ్ళ కోసం కాస్త ఫ్లాష్‌బ్యాక్. వానలో ఒకే స్కూటరు మీద తడుసుకుంటూ పోతున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాకి ఈ కారు ఆలోచన వచ్చిందంటారు. 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో కారుని చూపించి, ధర లక్ష రూపాయలన్నాడు. 2003లో అనుకున్న ధర అది. ఈలోగా ఇనుము రేట్లు పెరిగినా మాట మాటే అన్నాడు. తర్వాత సింగూరు గొడవ. 2008 అక్టోబరులో అక్కణ్ణుంచి సర్దుకుని గుజరాత్‌లోని సనంద్‌కి వెళ్ళిపోయారు. ఆ ఫ్యాక్టరీ కోసం పోటీపడ్డ రాష్ట్రాల్లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2009 మార్చిలో కారు విడుదలయ్యాక రెండు లక్షల మందికి పైగా డబ్బు కట్టి బుక్ చేసుకున్నారు. కార్లు సరిపోక, మొదటి లక్ష మందిని లాటరీ తీసి ఎంపిక చేశారు. తిరుపతి దర్శనం టిక్కెట్టు దొరికినట్టు జనాలు సంబరపడ్డారు అప్పట్లో.

మా నాన్న 2010 చివర్లో కొన్నారు. అప్పటిదాకా ఆయన జీవితమంతా బజాజ్ చేతక్ మీదే నడిచింది. ముందు నేను నించునేవాణ్ణి, వెనక అమ్మ, అమ్మ ఒళ్ళో చెల్లి. మాకు పేరు పెట్టి చెప్పలేదు గానీ రతన్ టాటా చూసిన స్కూటరు మీద ఉన్నది మేమే అని నా గట్టి నమ్మకం :)

సరే, అసలు లెక్కకొద్దాం.

ముందు మంచి. మేముండేది టోలిచౌకిలో. ఇక్కడి సందుల గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎదురుగా ఆటో, దాని వెనక నీళ్ళ ట్యాంకరు, పక్కన ఎవరో అడ్డంగా పెట్టిపోయిన బుల్లెట్టు.. మూడు మీటర్ల పది సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు ఉన్న కారు ఇలాంటి చోట దేవుడిచ్చిన వరం. నాలుగు మీటర్ల వ్యాసార్థంలో తిరిగిపోతుంది. పెద్ద కారు మూడుసార్లు వెనక్కీ ముందుకీ ఆడే మలుపులో ఇది ఒక్కసారికే తిరుగుతుంది. శని, ఆదివారాలు రాత్రి మండీ తినడానికి ఊరంతా మా వీధిలోకొచ్చినప్పుడు, రెండు ఎస్‌యూవీల మధ్య మిగిలిన జాగాలో నాన్న బండి పెట్టేస్తుంటే చూసి తీరాలి.

రెండోది, లోపలి జాగా. ఇంజను వెనక సీటు కింద పెట్టి, చక్రాల్ని నాలుగు మూలలకీ తోసేశారు. అందుకే బయటికి మారుతీ 800 కన్నా పొట్టి, లోపల దానికన్నా విశాలం. ఎత్తు కూడా బాగా ఉండటంతో, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటుంది. మా బావగారి సెడాన్‌లోకి దిగాలంటే నూతిలోకి దిగినట్టుంటుంది ఆవిడకి. మూడోది మైలేజి. మొదట వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన లెక్క లీటరుకి 23 కిలోమీటర్ల పైనే. పెట్రోలు వంద దాటిన ఈ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఇక చెడు. ఇది రాయడానికి ఎక్కువ గడులు కావాల్సొచ్చింది.

డిక్కీ తలుపు తెరుచుకోదు. 2015లో వచ్చిన జెన్ఎక్స్ దాకా ఇదే తంతు, సామాను వెనక సీటు వంచి లోపల్నుంచే పెట్టుకోవాలి. పెట్రోలు పోయించాలంటే ముందు బానెట్ ఎత్తాలి. బంకులో కొత్త కుర్రాడుంటే, ఇంజను చెడిపోయిందనుకుని జాలిగా చూస్తాడు. ట్యాంకు 15 లీటర్లే. చక్రానికి మూడే నట్లు, అద్దానికి ఒకటే వైపరు. పవర్ స్టీరింగు 2014లో గానీ రాలేదు. ఇంజను రెండు సిలిండర్లది, 624 సీసీ, 35 గుర్రాల బలం. షేక్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కేటప్పుడు నలుగురం ఉంటే ఏసీ కట్టేసి, రెండో గేరులో, తొందరేం లేదన్నట్టు ఎక్కాలి. వెనకాల జూబ్లీహిల్స్ వాళ్ళ కార్లు.. మా ఇంట్లో హాలంత ఉంటాయి ఒక్కోటి.. హారను మోగిస్తూనే ఉంటాయి. 35 గుర్రాలు అంతకన్నా ఏం చేస్తాయి పాపం!

ఇంతవరకూ అయితే సర్దుకుపోవచ్చు. నవ్వుకోవచ్చు కూడా. నవ్వుకోలేనిది ఇంకోటుంది.

2010 ప్రాంతంలో కొన్ని నానోలకి మంటలంటుకున్నాయని వార్తలొచ్చాయి. ఆ ఏడాదే కంపెనీ అమ్మిన బళ్ళకి ఉచితంగా అదనపు రక్షణ ఏర్పాట్లు చేసింది. తర్వాత 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు మన దేశపు చిన్న కార్లు ఐదింటిని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూశారు. నానోకి పెద్దవాళ్ళ రక్షణలో సున్నా స్టార్లు. ఎయిర్‌బ్యాగులు లేకపోవడం ఒక్కటే కాదు, బాడీ కూడా తట్టుకోలేకపోయిందని తేల్చారు. అంటే తర్వాత ఎయిర్‌బ్యాగులు తగిలించినా పెద్దగా ఉపయోగం ఉండదన్నమాట. మా అమ్మా నాన్నా తిరిగే కారు ఇది. ఆ వరస రాసేటప్పుడు చెయ్యి కాసేపు ఆగింది.

షీటు పూర్తయ్యేసరికి కుడి పక్కే బరువు ఎక్కువైంది. సరే, అమ్మేద్దాం అనుకున్నాను. ఎవరికి?

మా అపార్టుమెంటు కింద ఇస్త్రీ చేసే ఆయన ఉన్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు, ఒక పాత బైకు. నెలకోసారి నలుగురూ ఆ బైకు మీదే ఊరెళ్తారు. పెద్దది ట్యాంకు మీద, చిన్నోడు ఇద్దరి మధ్యా. వానొస్తే నలుగురికీ కలిపి ఒక ప్లాస్టిక్ పట్టా. 2020 అక్టోబరు వానలకి మా పక్కనే నదీమ్ కాలనీలో పడవలు తిరిగాయి, వాన అంటే ఏంటో మా వైపు వాళ్ళకి తెలుసు. అచ్చంగా ఇలాంటివాళ్ళ కోసమే కదా ఆ కారు పుట్టింది అనుకుని, తుక్కు ధరకే ఇస్తానన్నాను. డబ్బు నెలనెలా కొంచెం కొంచెం ఇవ్వమన్నాను.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆయనన్న మాట ఇది.

"ఏమనుకోకుర్రి సార్. ఊకె ఇచ్చినా నానో వద్దు. గరీబోళ్ళ కారని అందరికెర్కే. దాంట్ల ఊరికి వోతే మా తమ్ముడు నవ్వుతడు. బైకు మీద వోతే ఎవ్వడేం అనడు. రెండేండ్లు ఆగి సెకండ్ హాండ్ ఆల్టో తీస్కుంట."

చూశారా.. మన ఎక్సెల్ షీటులో లేని గడి అది. స్టార్ల గురించి ఆయన ఒక్క మాటన్నా అనలేదు. తమ్ముడి నవ్వు గురించి అన్నాడు. విచిత్రం ఏంటంటే 2014లో నానోతో పాటు గుద్దించిన ఐదు కార్లలో ఆల్టో 800 కూడా ఉంది. ఎయిర్‌బ్యాగుల్లేని ఆ ఆల్టోకీ సున్నానే వచ్చింది. ఆ మాటకొస్తే ఐదింటికీ సున్నానే. మరి నవ్వు మాత్రం ఒక్క నానోకే ఎందుకు?

నాకు తోచింది చెప్తాను. 1983లో మారుతీ 800 వచ్చినప్పుడు దాని ధర యాభై వేలు అటూ ఇటూ. అదీ చిన్న కారే, చవక కారే. కానీ దాన్ని ఎవరూ చవక కారు అని పిలవలేదు. మారుతీ ఉందంటే ఆ ఇంటికి పిల్లనిచ్చేవారు. నానోని మాత్రం పుట్టకముందే "ప్రపంచంలోకెల్లా చవకైన కారు" అని టముకు వేశారు. పేపర్లు, టీవీలు, మనం.. అందరం. స్కూటరు వదిలి కారెక్కేవాడు నాలుగు చక్రాలతో పాటు మెట్టెక్కానన్న తృప్తి కూడా కొనుక్కుంటాడు. వాడి నుదుటి మీద "ఇంతకన్నా చవకది దొరకలేదు" అని రాసి పంపితే ఎందుకు కొంటాడు? అలా చెప్పి అమ్మడం పొరపాటేనని తర్వాత రతన్ టాటాయే ఒప్పుకున్నాడు. ఏడాదికి రెండున్నర లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ కట్టారు. అన్నిటికన్నా బాగా అమ్మిన 2011-12లో కూడా డెబ్భై ఐదు వేలు దాటలేదు. 2018 జూన్ నెల మొత్తానికి తయారైన నానో ఒక్కటంటే ఒక్కటి. ఆ తర్వాత మూతపడింది.

"సున్నా స్టార్ల కారు పోతే పోయింది, మంచిదే కదా" అంటారు మా బావగారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. బీదవాడి కారంటే బీదవాడి పక్కటెముకల మీద డిస్కౌంటు ఇవ్వడం కాకూడదు. 2019 నుంచి ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, క్రాష్ టెస్టు రూల్సు వచ్చాయి, 2020లో బీఎస్-6 వచ్చింది. అన్నీ అవసరమైనవే. వాటితో పాటు ధరా పెరిగింది. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించాక కూడా అన్నిటికన్నా చవకైన కారు మూడున్నర లక్షల దగ్గర మొదలైంది. ఇస్త్రీ ఆయన దానికి ఎన్ని చొక్కాలు మడతపెట్టాలో లెక్కేసుకోండి.

కానీ బావగారి లెక్కలో ఒక తప్పుంది. ఆయన నానోని తన సెడాన్‌తో పోలుస్తున్నారు. దాని అసలు పోటీ నలుగురెక్కిన బైకుతో. ఆ బైకుని గోడకి గుద్దించి ఎన్ని స్టార్లో ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. నలభై దాటని సిటీ ట్రాఫిక్‌లో, వానలో, ఇద్దరు పిల్లల్తో వెళ్ళేటప్పుడు నాలుగు తలుపులూ, ఓ పైకప్పూ, సీటు బెల్టులూ ఉన్న డబ్బా నాకు ఎప్పటికీ బైకు కన్నా మెరుగే. అదే డబ్బాని ఔటర్ రింగు రోడ్డు మీద వందలో తోలమంటే మాత్రం దణ్ణం పెడతాను.

అందుకని నేను చేసిన పని ఇదీ. ఐదు వేలూ కట్టి రెన్యువల్‌కి పెట్టాను. నాన్నతో ఒక ఒప్పందం చేసుకున్నాను. మెహదీపట్నం రైతుబజారుకి, అమ్మ ఫిజియోథెరపీకి, పక్క వీధి పెళ్ళిళ్ళకి కారు ఆయనది. షేక్‌పేట ఫ్లైఓవరు ఎక్కి గచ్చిబౌలి వైపు, ఔటర్ వైపు వెళ్ళాల్సొస్తే మాత్రం నా కారులో నేనే దింపుతాను. ఆయన "ఊఁ" అన్నారు. ఆ ఊఁ ఎంతవరకు నిలబడుతుందో చూడాలి.

నిజం చెప్పొద్దూ, ఇస్త్రీ ఆయన వద్దన్నప్పుడు నాకు లోపల్లోపల హాయిగా అనిపించింది. సున్నా స్టార్ల కారు ఇంకో కుటుంబానికి అంటగట్టిన పాపం తప్పిందని. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. మొన్న వర్షంలో ఆఫీసు నుంచొస్తుంటే టోలిచౌకి ఫ్లైఓవరు కింద సిగ్నల్ దగ్గర నా పక్కనే ఆగారు. నలుగురూ, ఒకే పట్టా కింద. చిన్నోడు పట్టాలోంచి తల బయటపెట్టి నన్ను చూసి చెయ్యి ఊపాడు. వాళ్ళని చూసి అక్కడ ఎవ్వరూ నవ్వలేదు.

ఇంతకీ నానోకి సున్నా వేసింది ఎన్‌క్యాప్ వాళ్ళా, మనమా? మీరేమంటారు?